చేపల వ్యాపారి కూతురు ఆకాశమెక్కింది!

ఏలూరు, కైకలూరు, ఆకివీడు వైపు చేపల వ్యాపారం గురించి వేరే చెప్పక్కర్లేదు. ఎమీ జాన్సన్ పుట్టింది కూడా చేపల వ్యాపారి ఇంట్లోనే. కాకపోతే కొల్లేటి ఒడ్డున కాదు, ఇంగ్లండులోని హల్ అనే రేవు పట్టణంలో. 1903 జులై 1న పుట్టిన ఈ అమ్మాయే, బ్రిటన్ నుంచి ఆస్ట్రేలియా దాకా ఒంటరిగా విమానం నడిపిన మొదటి మహిళ!

షెఫీల్డ్‌లో డిగ్రీ చదివి, లండన్‌లో ఓ న్యాయవాది ఆఫీసులో సెక్రటరీగా కుదిరింది ఎమీ. ఆఫీసు అయ్యాక ఫ్లయింగ్ క్లబ్బుకి పరుగు. 1929లో పైలట్ లైసెన్సు వచ్చింది. అక్కడితో ఆగలేదు. చేతులకి గ్రీజు పూసుకుని మెకానిక్కుల మధ్య పని నేర్చుకుని, అదే ఏడాది గ్రౌండ్ ఇంజనీరు లైసెన్సు కూడా సంపాదించింది. బ్రిటన్‌లో ఆ లైసెన్సు అందుకున్న తొలి మహిళ ఆమే.

తండ్రి కొంత, చమురు వ్యాపారి లార్డ్ వేక్‌ఫీల్డ్ కొంత సాయం చేస్తే 600 పౌండ్లకి ఓ పాత జిప్సీ మాత్ విమానం కొనుక్కుంది. తండ్రి చేపల వ్యాపారపు గుర్తు పేరే దానికీ పెట్టింది... జేసన్ అని. 1930 మే 5న లండన్ దగ్గర క్రాయిడన్ నుంచి బయల్దేరింది. అప్పటిదాకా ఆమె ఒంటరిగా వెళ్లిన అతి పెద్ద ప్రయాణం లండన్ నుంచి పుట్టింటికి, అంతే!

ఆ విమానానికి పైకప్పు లేదు, రేడియో లేదు. ఎదురుగాలి మొహాన కొడుతూనే ఉంటుంది. ఒక చేత్తో విమానాన్ని అదుపులో ఉంచుకోవాలి, మ్యాపు చూసుకోవాలి, దిక్సూచి మీద కన్నేసి ఉంచాలి. ఇవి చాలవన్నట్టు, అదనపు ట్యాంకుల్లోని పెట్రోలుని పై ట్యాంకులోకి చేతిపంపుతో కొడుతుండాలి. ఆ వాసనకి కడుపులో తిప్పేది. ధ్యాసంతా పంపు మీదే పెడితే విమానం దారి తప్పుతుంది. మ్యాపులో మునిగిపోతే ఎత్తు తగ్గిపోయినా తెలీదు. అందుకే ఇప్పటికీ చిన్న విమానం నేర్చుకునేవాళ్లకి ముందు నేర్పేది ఒక వరస: మొదట విమానాన్ని సరిగ్గా నిలబెట్టు, తర్వాత ఎక్కడున్నావో చూసుకో, మాటలు ఆఖర్న.

టర్కీలో టారస్ కొండల మధ్య మబ్బులు కమ్మేశాయి. ఇరుకు లోయలో రాతిగోడకి గుద్దుకోకుండా త్రుటిలో తప్పించుకుంది. కరాచీకి ఆరు రోజుల్లో చేరితే ప్రపంచమంతా ఆమె వైపు చూసింది. అలహాబాదు చేరేలోగా పెట్రోలు చాలక ఝాన్సీలో సైనికుల పరేడ్ మైదానంలో దిగాల్సి వచ్చింది. వానలో రంగూన్ దగ్గర ఓ ఆటస్థలాన్ని గుర్రప్పందేల మైదానం అనుకుని దిగితే, విమానం కాలవలో పడింది. దగ్గర్లోని ఇంజనీరింగు విద్యాసంస్థ వాళ్లు రెక్కల చిరుగులకి చొక్కాల గుడ్డ వేసి బాగుచేశారు. ఆ ఆలస్యాల వల్ల పాత రికార్డు దాటలేకపోయినా, మే 24న ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో దిగింది. దాదాపు 18 వేల కిలోమీటర్లు!

1932లో పైలట్ జిమ్ మాలిసన్‌ని పెళ్లాడింది. 1938లో విడాకులయ్యాయి. యుద్ధం వచ్చాక, 1940లో సైన్యానికి విమానాలు చేరవేసే దళంలో చేరింది. 1941 జనవరి 5న వాతావరణం బాగోక దారి తప్పి, థేమ్స్ నది సముద్రంలో కలిసే చోట పారాచూట్‌తో దూకింది. ఆమెని కాపాడాలని నీళ్లలోకి దూకిన నౌకాధికారి వాల్టర్ ఫ్లెచర్ కూడా ప్రాణాలు కోల్పోయాడు. ఎమీ శవం కూడా దొరకలేదు. అప్పటికి ఆమెకి 37 ఏళ్లు.

గాల్లో ప్రయాణం ఎంత సున్నితమో కొల్లేటి ప్రాంతానికి బాగా తెలుసు. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ బాలయోగి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ కైకలూరు దగ్గర చేపల చెరువులోనే కూలింది. ఎమీ చివరిసారి ఎగిరిన ఆ యుద్ధకాలంలోనే తాడేపల్లిగూడెంలో బ్రిటిషువాళ్లు రన్‌వే వేశారు.

ఎమీ ఆస్ట్రేలియా వెళ్లిన ఆరేళ్లకి, 1936లో, లాహోర్‌లో 21 ఏళ్ల సరళా ఠక్రాల్ చీరకట్టులోనే విమానం నడిపింది. ఆమె ఎక్కింది కూడా జిప్సీ మాతే! ఎమీ నడిపిన జేసన్ మాత్రం లండన్ సైన్స్ మ్యూజియంలో భద్రంగా ఉంది.