అసమర్థుని వ్యథ రాసిన గోపీచంద్

తెలుగు నవలలు చదివే అలవాటున్న విశ్వాసుల్లో ఒక పుస్తకం గురించి భిన్నాభిప్రాయాలు మేము చాలాకాలంగా వింటున్నాం. అది త్రిపురనేని గోపీచంద్ రాసిన ‘అసమర్థుని జీవయాత్ర’. చదివితే మనసు పాడవుతుందని కొందరు, అందులో ఆశ అనేదే లేదని కొందరు, ప్రార్థన చేసుకునేవాళ్లకు అలాంటి చీకటి పుస్తకాలు ఎందుకని ఇంకొందరు అంటారు. ఒక్కసారి చదివాక ఆ మనిషిని మరచిపోలేకపోతున్నామని చెప్పినవారూ ఉన్నారు. ఆ పుస్తకం సంగతి తేల్చుకునే ముందు దాన్ని రాసిన వ్యక్తి జీవితాన్ని తెలుసుకోవడం మంచిది.

గోపీచంద్ 1910 సెప్టెంబరు 8న కృష్ణా జిల్లా అంగలూరులో జన్మించారు. ఆయన తండ్రి కవిరాజుగా పేరుపొందిన త్రిపురనేని రామస్వామి చౌదరి. డబ్లిన్ వెళ్లి బారిస్టరు చదివి వచ్చి తెనాలిలో స్థిరపడిన హేతువాది ఆయన. పురాణాలను ప్రశ్నిస్తూ కావ్యాలు, నాటకాలు రాశారు. పెళ్లి మంత్రాలు సామాన్యులకు అర్థంకావాలని వాటిని తెలుగులో రాసి, స్వయంగా పెళ్లిళ్లు జరిపించారు. తెనాలిలోని ఆయన ఇల్లు ‘సూతాశ్రమం’ ఎప్పుడూ చర్చలతో, వాదోపవాదాలతో నిండి ఉండేది. ఏ మాటనూ పరీక్షించకుండా ఒప్పుకోని ఇంట్లో గోపీచంద్ పెరిగారు. ఎందుకు అని అడగడం తండ్రి దగ్గరే నేర్చుకున్నారు. తర్వాత ఆ విషయాన్నే గుర్తుచేసుకుంటూ ‘అసమర్థుని జీవయాత్ర’ను తండ్రికి అంకితమిచ్చారు.

బి.ఎ. పూర్తిచేసి, మద్రాసులో న్యాయశాస్త్రం చదివారు కానీ ఆయన మనసు వకీలు వృత్తిలో నిలవలేదు. ఎం.ఎన్. రాయ్ భావాలు ఆయనను ఆకర్షించాయి. రాయ్ స్థాపించిన రాడికల్ డెమొక్రటిక్ పార్టీలో పనిచేశారు. మరోవైపు సినిమా రంగంలోకీ వెళ్లారు. 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘రైతుబిడ్డ’కు మాటలు రాశారు. జమీందారుల కింద నలిగే రైతు కథ అది. తర్వాత స్వయంగా దర్శకుడై ‘లక్ష్మమ్మ’ (1950), ‘పేరంటాలు’ (1951), ‘ప్రియురాలు’ (1952) తీశారు. రాజకీయాలు, సినిమాలు ఆయనకు పేరు తెచ్చినా, ఆయన పేరు ఈనాటికీ నిలబడింది కథల వల్ల, నవలల వల్లనే.

1943లో తండ్రి మరణించారు. ఆ తర్వాత కొద్ది సంవత్సరాల్లోనే ‘అసమర్థుని జీవయాత్ర’ వచ్చింది. తెలుగులో మనిషి మనసు లోపలికి వెళ్లి రాసిన తొలి నవలగా సాహిత్యకారులు దాన్ని లెక్కిస్తారు. కథ చిన్నదే. సీతారామారావు ఉన్నవాళ్ల బిడ్డ. చనిపోతూ తండ్రి అతనికి అప్పగించింది వంశ ప్రతిష్ఠ. దాన్ని కాపాడాలన్న ఆ ఒక్క మాట పట్టుకుని అడిగినవారికల్లా ఇస్తాడు, ఖర్చుపెడతాడు. ఆస్తి కరిగిపోతుంది. అప్పుడు పనిచేసుకుని బతకవలసి వస్తుంది. ఇచ్చే చెయ్యిగా పెరిగిన అతనికి చెయ్యి చాపడం రాదు. ఒకరి కింద పనిచేయడం చిన్నతనంగా తోస్తుంది. ఇందిర ఓర్పుగల భార్య. అతని కోపమంతా ఆమె మీదికే మళ్లుతుంది. రామయ్య తాత అనే పెద్దాయన మంచిమాటలు చెబుతాడు. వింటాడు, వాదిస్తాడు, మారడు. తనను తాను తిట్టుకుంటూ, లోకాన్ని తిట్టుకుంటూ చివరకు శ్మశానంలో తన ప్రాణం తానే తీసుకుంటాడు.

ఈ నవలమీద పాఠకుల మాటలు ఒక్కదారిన లేవు. సీతారామారావు ఉత్త సోమరి, అతని మీద జాలి దేనికని కొందరి వాదన. కూలిపోతున్న భూస్వామ్య కుటుంబాల బొమ్మ ఇదని మరికొందరు చెబుతారు. మనస్తత్వ శాస్త్రం చదివినవారు ఇందులో రోగ లక్షణాలు చూస్తారు. మేము కాపరులుగా చూసినప్పుడు ఇంకొక సంగతి కనబడుతుంది. సీతారామారావును చంపింది పేదరికం ఒక్కటే కాదు. తాను ఎప్పటికీ ఇచ్చేవాడుగానే ఉండాలి, పుచ్చుకునేవాడు కాకూడదు అన్న నమ్మకం అతని గొంతు నులిమింది. కృప అంటే అర్హత లేకుండా పుచ్చుకోవడం. పుచ్చుకోవడం చేతకాని మనిషికి కృప వాకిట్లోకి వచ్చినా అవమానంగానే కనబడుతుంది.

ఈ చీకటి బైబిలుకు కొత్తది కాదు. దావీదు కొలువులో అహీతోపెలు గొప్ప ఆలోచనకర్త. అబ్షాలోము పక్షం చేరాడు. అక్కడ తన ఆలోచన చెల్లలేదని తెలియగానే గాడిదకు గంతకట్టి సొంత ఊరికి వెళ్లి, ఇల్లు చక్కబెట్టుకుని, ఉరివేసుకున్నాడు (2 సమూయేలు 17 అధ్యాయం). అతనికి తిండి తక్కువ కాలేదు. మాట తగ్గింది, అంతే. యోబు తాను పుట్టిన దినాన్ని శపించాడు. సమస్తమూ వ్యర్థమని ప్రసంగి రాశాడు. ఆ పేజీలను దేవుడు తన గ్రంథంలోంచి తీసివేయించలేదు. నలిగిన మనిషి గోడును దాచకుండా రాయించిన దేవుణ్ణి ఆరాధించేవాళ్లం, ఒక నవలలో అదే గోడు వినబడితే పుస్తకం మూసేయవలసిన పనిలేదు. అయితే మనసు ఇప్పటికే కుంగి ఉన్నవారి చేతికి ఈ పుస్తకం ఇవ్వకూడదన్నది మా సలహా. వారి పక్కన ఉండవలసినవారు మాత్రం తప్పక చదవాలి.

గోపీచంద్ తాను రాసిన చీకటిలోనే ఆగిపోలేదు. హేతువాదం నుంచి, రాయ్ రాజకీయాల నుంచి నడుస్తూ తర్వాతి కాలంలో అరవిందుల ఆలోచనల వైపు వెళ్లారు. ‘తత్త్వవేత్తలు’ అనే పుస్తకంలో లోకంలోని ఆలోచనాపరులను తెలుగువారికి పరిచయం చేశారు. ‘పోస్టు చేయని ఉత్తరాలు’ రాశారు. చివరి సంవత్సరాల్లో ఆకాశవాణిలో పనిచేశారు. 1962 నవంబరు 2న, 52 ఏళ్లకే కన్నుమూశారు. ఆయన నవల ‘పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా’కు 1963లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఒక తెలుగు నవలకు ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. దాన్ని అందుకోవడానికి ఆయన లేరు.

ఆయన క్రైస్తవుడు కారు. ఆయనను మనవాడని చెప్పుకోవడం న్యాయం కాదు. అయినా ఆయన తన నవలలో నిజాయితీగా అడిగిన ప్రశ్నకు సంఘం జవాబు చెప్పవలసి ఉంది. పడిపోయిన మనిషికి తిరిగి వచ్చే దారి ఏది?

లూకా 15వ అధ్యాయంలో ఇంకొక కొడుకు ఉన్నాడు. అతనూ ఆస్తి పాడుచేశాడు, వంశం పేరు చెడగొట్టాడు, పందుల దగ్గర కూలికి చేరాడు. సీతారామారావుకూ ఇతనికీ తేడా ఒక్కటే. ఇతను కూలివాడిగానైనా సరే ఇంటికి వెళ్దామనుకున్నాడు. ఇక అతని తండ్రిని చూడండి. ఆ కాలపు తూర్పు దేశాల్లో, పనివాళ్లున్న పెద్దమనిషి వీధిలో పరుగెత్తడం తగని పని. ఆయన పరుగెత్తాడు. ఒక తండ్రి కొడుకుకు పరువు అప్పగించి పోయాడు, ఇంకొక తండ్రి కొడుకు కోసం పరువు పక్కనపెట్టాడు. మనం ప్రకటించే సువార్త ఈ రెండో తండ్రి గురించినది.

మన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో ఈ మాట పుస్తకాలకే పరిమితమైనది కాదు. 1990ల చివర, 2000లలో సిరిసిల్ల సాంచెల మధ్య ఎందరు నేత కార్మికులు ప్రాణాలు తీసుకున్నారో మనకు తెలుసు. ఆదిలాబాద్ పత్తి చేలల్లో ఎన్ని ఇళ్లు దిక్కులేనివయ్యాయో తెలుసు. జగిత్యాల, నిర్మల్ వైపు నుంచి గల్ఫ్‌కు పోయి, ఏజెంటుకిచ్చిన అప్పు తీరకుండానే తిరిగొచ్చినవాళ్లు పగలు ఊళ్లోకి రావడానికి సిగ్గుపడతారు. వీటిలో ధరలు, వడ్డీలు, పంట నష్టాలు, ప్రభుత్వాల నిర్లక్ష్యం అన్నీ ఉన్నాయి. వాటిపై మాట్లాడటం సంఘం బాధ్యత. వాటికి తోడు ఇజ్జత్ అనే బరువు ఒకటుంది. అప్పులవాడు వాకిట్లో నిలబడితే నలుగురూ చూస్తారన్న భయం అది.

ఆ బరువును మన సంఘాలు దించుతున్నాయా, పెంచుతున్నాయా? కానుకలిచ్చినవారి పేర్లు చదువుతాం. బిడ్డ పెళ్లి ఎంత ఘనంగా చేశారో చెప్పుకుంటాం. సాక్ష్యం చెప్పమంటే ఆశీర్వాదాలు లెక్కపెట్టినవారికే మైకు ఇస్తాం. ఓడిపోయినవాడు వెనక బెంచీలో కూర్చుంటాడు, తర్వాత మానేస్తాడు. రెండు ఆదివారాలు కనబడకపోతే విశ్వాసంలో చల్లారాడని తేల్చేస్తాం. అతని ఇంటికి వెళ్లి తలుపు తట్టేవారెవరు?

ఏలీయా బదరీవృక్షం కింద చావు కోరుకున్నప్పుడు దేవుడు ఏం చేశాడో గమనించండి (1 రాజులు 19 అధ్యాయం). గద్దించలేదు, ప్రసంగమూ చేయలేదు. దూత అతన్ని తట్టి లేపి, కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చాడు. ఏలీయా మళ్లీ పడుకుంటే మళ్లీ లేపి తినమన్నాడు. మాటలు ఆ తర్వాత వచ్చాయి. కుంగిన మనిషికి సంఘం చేయవలసిన సేవ ఈ వరుసలోనే ఉంది. ముందు అన్నం, తోడు, నిద్ర. ఆ తర్వాతే వాక్యం. అవసరమైతే వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లడం అవిశ్వాసం కాదు. 14416 నంబరుకు ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలి మానస్ సేవలో శిక్షణ పొందినవారు ఉచితంగా మాట్లాడతారు. ఆ నంబరును ప్రతి మందిరం గోడమీద రాసి ఉంచవచ్చు.

రామయ్య తాత మంచి మాటలే చెప్పాడు. కానీ మంచి మాటలు సీతారామారావును ఆపలేకపోయాయి. గోపీచంద్ నవల మూసిన తర్వాత మనకు మిగలవలసిన బాధ ఇదే. ఈ వారం మన సంఘంలో కనబడని ఒక్కరి ఇంటికి వెళ్దాం. ఆదివారం ఎందుకు రాలేదని అడగకుండా, తిన్నావా అని అడుగుదాం.