పర్లాకిమిడి వదలని పంతులుగారు: గిడుగు రామమూర్తి, సవర బడులు



ఏటా ఆగస్టు 29న మన బడుల్లో తెలుగు భాషా దినోత్సవం జరుపుతారు. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి పటానికి దండ వేసి, వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం గురించి మాట్లాడతారు. అది నిజమే, గొప్ప పనే. కానీ ఆయన జీవితంలో మన కొండలకు సంబంధించిన భాగం ఒకటుంది. దాన్ని ఆ రోజు ఒకటి రెండు వాక్యాల్లో ముగించేస్తారు. డిగ్రీ చేతికి రాగానే ఊళ్ళో ఉండాలా, వెళ్ళిపోవాలా అని ఆలోచించే మీలాంటి వాళ్ళకు ఆ భాగమే ఎక్కువ అవసరం. అందుకే ఈ సంచికలో ఆయన కథను అక్కడి నుంచి చెబుతున్నాం.

వంశధార ఒడ్డు పిల్లవాడు

రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజు, తల్లి వెంకమ్మ. అప్పట్లో ఆ ప్రాంతం గంజాం జిల్లాలో ఉండేది. చిన్నతనంలోనే తండ్రి పోయారు. విజయనగరంలో మేనమామ ఇంట ఉండి, మహారాజావారి పాఠశాలలో చదువుకున్నారు. గురజాడ అప్పారావు అక్కడ ఆయన సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు.

కాలేజీలో చేరి పైకి చదివే స్తోమత ఇంటికి లేదు. 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో ఉపాధ్యాయుడిగా చేరారు. అప్పటికి ఆయనకు ఇంకా 17 ఏళ్ళు నిండలేదు. జీతం నెలకు 30 రూపాయలు. చరిత్ర పాఠం చెబుతూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ., ఆ తర్వాత బి.ఏ. పూర్తిచేశారు. ముఖలింగం గుడిలోని శాసనాల మీద ఉన్న పాత లిపిని ఎవరి దగ్గరా పాఠం చెప్పించుకోకుండా తానే నేర్చుకున్నారు. స్కూలు కాలేజీ అయ్యాక కాలేజీ తరగతులకూ పాఠాలు చెప్పారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఆయన ఊరు విడిచిపోకుండానే పట్టభద్రుడయ్యారు. ఆ 30 రూపాయల ఉద్యోగమే ఆయనకు స్కాలర్‌షిప్ అయింది. తిండికి, పుస్తకాలకు దారి చూపింది. చదువు పూర్తయ్యాక కూడా ఆ డిగ్రీని పట్టుకుని ఆయన మద్రాసు వెళ్ళిపోలేదు.

కొండ భాష నేర్చుకున్న తీరు

పర్లాకిమిడి చుట్టూ సవర గూడేలు. మహేంద్రగిరి వైపు నుంచి మందస, మెళియాపుట్టి కొండల దాకా మన వాళ్ళే. సంతకు దిగే సవరలతో షావుకారైనా, అధికారైనా తెలుగులోనో ఒడియాలోనో మాట్లాడేవారు. ఆ భాష రాకపోతే తప్పు సవరదే అన్నట్టు ఉండేది. రామమూర్తిగారు అటువైపు నుంచి ఆలోచించారు. వాళ్ళకు చదువు చెప్పాలంటే ముందు తాను వాళ్ళ మాట నేర్చుకోవాలనుకున్నారు.

1892 ప్రాంతంలో, సవర, తెలుగు రెండూ వచ్చిన ఒకరిని ఇంట్లోనే ఉంచుకుని నేర్చుకోవడం మొదలుపెట్టారు. గూడేలకు వెళ్ళారు. ఆ అడవుల్లో తిరిగినప్పుడు మలేరియా పట్టుకుంది. దానికి వేసుకున్న క్వినైన్ వల్ల వినికిడి దెబ్బతింది. ఒక భాషలోని ధ్వనులను చెవితో పట్టుకోవాలని బయలుదేరిన మనిషికి చెవుడు రావడం ఎంత పెద్ద దెబ్బో మీరే ఊహించండి. అయినా ఆయన పని ఆపలేదు.

ఆ పని తేలికైనదీ కాదు. తెలుగు ద్రావిడ భాష, ఒడియా ఆర్య భాష. మన సవర ఈ రెండు కుటుంబాలకూ చెందదు. అది ముండా భాష, సంతాలీ, ముండారీలకు చుట్టం. గొంతులో గాలిని ఠక్కున ఆపి పలికే మన ధ్వనికి తెలుగులో అక్షరమే లేదు. మన లెక్క కూడా వేరు. సవరలో పదమూడు అంటే పన్నెండూ ఒకటి. ముప్ఫై మూడు అంటే ఒక ఇరవై, ఒక పన్నెండు, ఒకటి. ఇది తెలియని పంతులు ముందు పిల్లవాడు తడబడితే వాడికి లెక్కలు రావనుకుంటాడు. తెలిసిన పంతులు, వాడు రెండు లెక్కల పద్ధతుల మధ్య దారి వెతుక్కుంటున్నాడని గ్రహిస్తాడు. గూడెం బడిలో ఉండే ఉపాధ్యాయుడు గూడెం భాష ఎందుకు నేర్చుకోవాలో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

మన దేశంలో అప్పుడు ఏ విశ్వవిద్యాలయంలోనూ భాషాశాస్త్రం నేర్పేవారు లేరు. ఆయన పుస్తకాలు తెప్పించుకుని సొంతంగా చదివారు. సవర పిల్లల కోసం వాచకాలు తయారుచేశారు. కథలు, పాటలు సేకరించారు. సొంత డబ్బుతో బడులు పెట్టి సవరలోనే చదువు చెప్పే ఏర్పాటు చేశారు.

బహుమతి డబ్బు ఎటు వెళ్ళాలి

ఈ పనికి మెచ్చి మద్రాసు ప్రభుత్వం ఆయనకు పారితోషికం ఇవ్వజూపింది. పెద్ద సంసారం, పంతులు జీతం. తీసుకుని ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆయన మాత్రం ఆ డబ్బు తనకు వద్దని, దానితో సవర పిల్లలకు బడి నడపమని కోరారు. 1913లో ప్రభుత్వం రావు బహదూర్ బిరుదు ఇచ్చింది. 1911లోనే ఉద్యోగ విరమణ చేసినా సవర పని వదల్లేదు. దాదాపు నాలుగు దశాబ్దాల శ్రమ తర్వాత సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో మద్రాసు ప్రభుత్వం తరఫున అచ్చయ్యాయి. ఆయన కొడుకు సీతాపతి కూడా ఆ బాటలోనే నడిచారు.

వాడుక భాషా ఉద్యమం కూడా ఇదే ఆలోచనకు మరో కొమ్మ. సవర పిల్లవాడికి సవరలో చదువు చెప్పాలన్న మనిషి, తెలుగు పిల్లవాడికి వాడు ఇంట్లో మాట్లాడే తెలుగులో చెప్పాలని పట్టుబట్టారు. దాని కోసం 1919లో తెలుగు అనే పత్రిక నడిపారు, పండితులతో దశాబ్దాల పాటు వాదించారు.

1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసింది. ఆ నిర్ణయానికి నిరసనగా, 56 ఏళ్ళు గడిపిన ఊరిని 72 ఏళ్ళ వయసులో విడిచి రాజమండ్రి వెళ్ళారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1938లో కళాప్రపూర్ణ ఇచ్చింది. 1940 జనవరి 22న మద్రాసులో కన్నుమూశారు.

ఆయన ఊరు విడిచిన ఆ 1936లోనే గుణుపురం వైపు మన మంగేయ్ గొమాంగో సొరంగ సొంపెంగ్ లిపిని రూపొందించారు. బయటి నుంచి వచ్చిన పంతులు మొదలుపెట్టిన పనిని మనవాళ్ళు తమ చేతుల్లోకి తీసుకోవడం అంటే అదే.

మన వంతు

పలాస స్టేషన్‌లో ఏ రాత్రి చూసినా బ్యాగులు పట్టుకున్న మన కుర్రాళ్ళు కనిపిస్తారు. కొందరు కూలికి, కొందరు డిగ్రీతో చిన్న ఉద్యోగానికి వెళ్తుంటారు. వెళ్ళడం తప్పని ఎవరూ అనకూడదు. ఇంట్లో అప్పు ఉన్నవాడికి త్యాగం గురించి ఉపన్యాసం ఇవ్వడం న్యాయం కాదు. రామమూర్తిగారికి కూడా నెల నెలా జీతం ఉంది కాబట్టే నిలబడగలిగారు. ఉండిపోవాలన్న మనసుకు ఉండనిచ్చే ఏర్పాటు తోడు కావాలి.

జపాన్‌లో 1972లో పెట్టిన జిచి వైద్య విశ్వవిద్యాలయం అలాంటి ఏర్పాటే. అక్కడ విద్యార్థికి చదువు ఖర్చు అప్పుగా ఇస్తారు. డాక్టరయ్యాక సొంత ప్రాంతంలో, మారుమూల ఊళ్ళతో సహా, సుమారు తొమ్మిదేళ్ళు పనిచేస్తే ఆ అప్పు మాఫీ అవుతుంది. మన ఉద్దానం సంగతి చూడండి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ఊళ్ళలో కిడ్నీ జబ్బు ఇంటింటి బాధ. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. భవనం ఒకసారి కడితే ఉంటుంది. అందులో ఏళ్ళ తరబడి ఉండి, రోగి మాట అర్థం చేసుకునే డాక్టరు, నర్సు, డయాలసిస్ టెక్నీషియన్ ఎక్కడి నుంచి వస్తారు? ఉద్దానం పిల్లలు, కొండ పిల్లలు చదివి రావాలి. వాళ్ళ చదువు ఖర్చు ఎవరైనా భరించాలి.

బడుల సంగతీ అంతే. ఉమ్మడి రాష్ట్రంలో 2003–04లో ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలైంది. సవర వాటిలో ఒకటి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 నాటి జీఓ 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టివేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదన్నది తీర్పు. సవర తెలిసిన పంతులు సవర బడిలో ఉండాలన్న అవసరం మాత్రం తీర్పుతో పోలేదు. దానికి వేరే దారులు అడగాలి. భాష వచ్చినవారికి ప్రాధాన్యం, చదువు ఖర్చు భరించి సేవా ఒప్పందం, ఊళ్ళో ఉండే ఉపాధ్యాయులకు ఇల్లు వంటివి మనం గట్టిగా అడగదగ్గవే.

ప్రభుత్వాన్ని అడుగుతూనే మనం చేయగలిగింది కూడా ఉంది. ఈ ఏడాది నుంచి ప్రతి ఊళ్ళో ఉద్యోగం చేస్తున్నవాళ్ళు కొంత పోగుచేసి, తిరిగివచ్చి పనిచేస్తానన్న ఒక్క బి.ఇడి. లేదా నర్సింగ్ విద్యార్థి ఫీజు కడితే చాలు. పంతులుగారు బహుమతి డబ్బును బడికి పంపారు. మన డబ్బు ఆ బడికి రాబోయే పంతులమ్మ చదువుకు వెళ్ళాలి. వచ్చే ఆగస్టు 29న పటానికి దండ వేసేటప్పుడు, ఆ విద్యార్థి పేరు కూడా అక్కడే చదువుదాం.