గోపన్న కట్టించిన కోవెల

భద్రాచలమునకు ఎగువన గోదావరి యొడ్డున పర్ణశాల కలదు. వనవాసకాలమున సీతారాములు ఆకుల కుటీరము కట్టుకొని వసించిన తావు అదియే యని జనుల విశ్వాసము. భద్రగిరిపై స్వామికి మొదట దొరకిన నీడయు అట్టి ఆకుల పందిరియే. పోకల దమ్మక్క యను భక్తురాలు పుట్టలోని విగ్రహములను కనుగొని, పందిరి వేసి, తాటిపండ్లు నివేదించెనని స్థలపురాణము. ఆ పందిరి యున్న చోట రాతికోవెల నెత్తించినవాడు కంచెర్ల గోపన్న. లోక మతనిని రామదాసుగా నెరుగును.

ఖమ్మం జిల్లా నేలకొండపల్లిలో లింగన్న, కామాంబ దంపతులకు గోపన్న జన్మించెను. గోల్కొండ సుల్తాను తానీషా (1672-1687) మంత్రులైన అక్కన్న మాదన్నలు అతనికి మేనమామలు. ఆ బంధుత్వమే అతనికి పాల్వంచ పరగణా తహశీలుదారు పదవిని తెచ్చిపెట్టెను.

గోపన్న ప్రాకారములు, గోపురములు, మండపములు కట్టించెను గాని, గర్భగుడిలోని మూర్తి అంతకు ముందే యున్నది. ఆ మూర్తి యొక వింత. అన్యత్ర రాముడు రెండు చేతులతో, సీత ప్రక్కన నిలువగా, నిలుచుండును. ఇచ్చట నాలుగు చేతుల రాముడు ఆసీనుడై యుండ, సీత యెడమ తొడపై కూర్చుండెను. ధనుర్బాణములతోపాటు శంఖచక్రములును కలవు. అందును శంఖము కుడిచేత, చక్రము ఎడమచేత! విష్ణుమూర్తుల వాడుకకు ఇది తారుమారు. విమానముపై నిలిపిన సుదర్శనచక్రము గోదావరిలో గోపన్న చేతికే దొరకెనని ప్రతీతి.

వ్యయమైనది ఆరు లక్షల వరహాలని చెప్పుదురు. అందు శిస్తు సొమ్ము కలదు. అనుమతి లేక రాజధనమును వాడుట ఉద్యోగికి తప్పే. భక్తి యా తప్పును చెరపజాలదు. తానీషా అతనిని గోల్కొండ చెరలో వైచెను. చెర పండ్రెండేండ్లని వాడుక. తానీషా యేలుబడియే పదునైదేండ్లు గనుక, ఉద్యోగమును ఆలయనిర్మాణమును మిగిలిన స్వల్పకాలమున ఇముడవలెను. ఈ లెక్క నమ్ముట కష్టము.

సుల్తానునకు ఒప్పజెప్పలేని లెక్కను గోపన్న రామునికే ఒప్పజెప్పెను. గోపుర మెంత, ప్రాకార మెంత, సీతమ్మ చింతాకుపతక మెంత, స్వామి కలికితురాయి యెంత అని ఒక కీర్తనలో పద్దు వెంబడి పద్దు చదివి, ఎవరి సొమ్మని కులుకుచున్నావని రాముని నిలదీసి, పిమ్మట నోరు జారితినని నొచ్చుకొనెను. దస్త్రములు వ్రాసిన చేయి పాటలోను దాగలేదు.

గోల్కొండకోటలో ఆ చెరసాల నేటికిని కానవచ్చును. గోడపై రామలక్ష్మణులు, హనుమంతుడు మలచబడియున్నారు. అవి గోపన్న చేతివే యని చెప్పుదురు. స్థపతుల కొలత లచ్చట వెదకరాదు. భద్రాద్రిపై లక్షలు వెచ్చించినవానికి ఇచ్చట దక్కినది ఒక గోడయే.

రామలక్ష్మణులే బంట్ల వేషమున వచ్చి పైకము చెల్లించిరని కథ. గోపన్న విడుదలయయ్యెను. 1687లో ఔరంగజేబు గోల్కొండను గెలిచెను. తానీషా దౌలతాబాదు కోటలో ఖైదీగా మరణించెను. భద్రాద్రి కల్యాణమునకు తానీషా పంపసాగెనని చెప్పు ముత్యాల తలంబ్రాలను నేడు ప్రభుత్వము పంపుచున్నది.