లవకుశులను రెండుసార్లు తెరకెక్కించిన పుల్లయ్య

విజయవాడ: శ్రీరామనవమి వచ్చిందంటే కృష్ణా డెల్టా పల్లెల్లో చలువ పందిళ్ల మైకుల నుంచి ‘లవకుశ’ పాటలు వినిపించడం ఆనవాయితీ. 1963 మార్చి 29న విడుదలైన ఆ చిత్రంలో అయోధ్య అన్నదమ్ములు నలుగురిలో ముగ్గురు ఉమ్మడి కృష్ణా జిల్లా వారే. రాముడు నిమ్మకూరు నందమూరి తారక రామారావు, భరతుడు కౌతవరం కైకాల సత్యనారాయణ, శత్రుఘ్నుడు చిననందిగామ శోభన్‌బాబు. లక్ష్మణునిగా నటించిన కాంతారావు ఒక్కరే నల్గొండ సీమ నుంచి వచ్చారు. సంగీతం సమకూర్చిన ఘంటసాల గుడివాడ సమీపంలోని చౌటపల్లిలో జన్మించారు. ఇందరు మనవారు ఉన్న ఆ చిత్రానికి అంకురార్పణ చేసిన దర్శకుడు చిత్తజల్లు పుల్లయ్యను మాత్రం నేటి తరం దాదాపు మరచిపోయింది.

1898లో కాకినాడలో జన్మించిన పుల్లయ్య మూకీల కాలంలోనే సినిమా రంగంలో అడుగుపెట్టారు. మద్రాసులో ఆర్‌.ప్రకాశ్‌ వద్ద మెలకువలు నేర్చి, సొంత ఊరికి తిరిగివచ్చి ‘భక్త మార్కండేయ’ తీశారు. అందులో యముడు ఆయనే. బాలుని కథతో మొదలైన ఆ ప్రయాణంలో బాలలు చివరి వరకూ ఆయన వెన్నంటి ఉన్నారు.

టాకీలు రాగానే ఆయన దృష్టి మన ప్రాంతంపై పడింది. మైలవరం బాలభారతీ సమాజం ప్రదర్శించిన నాటకం ఆధారంగా 1933లో ‘సావిత్రి’ని రూపొందించారు. మరుసటి ఏడాది కలకత్తాలోని ఈస్టిండియా ఫిలిం కంపెనీ పక్షాన తొలి ‘లవకుశ’ తీశారు. పారుపల్లి సుబ్బారావు రాముడు, శ్రీరంజని సీత. ఉత్తర రామాయణ గాథ తెలుగువారికి కొత్తది కాదు. కంకంటి పాపరాజు కావ్యంగా రచించినదే, ఇళ్లలో స్త్రీలు పాటలుగా పాడుకొన్నదే. దానిని తెరకు మలచడంలో చిక్కు మరొకటి ఉంది. కథ బరువంతా ఇద్దరు పసివాళ్ల మీద నిలుస్తుంది. తండ్రి ఎదుట తండ్రి కథనే గానం చేయవలసినది వారే, ఆయన సేనతో పోరాడవలసినదీ వారే. పైగా నాటికి నేపథ్యగానం లేదు. కెమెరా ముందు నిలిచి పాడుతూనే అభినయించాలి. అనుభవజ్ఞులైన రంగస్థల నటులే తడబడే ఆ పనిని బాలురచేత చేయించడం సామాన్యం కాదు. చిత్రం ఘనవిజయం సాధించింది. పల్లెల నుంచి బండ్లు కట్టుకొని జనం తరలివచ్చారు.

ఆ ధైర్యంతోనే కాబోలు, 1936లో మరింత సాహసానికి పూనుకొన్నారు. ‘సతీ అనసూయ’, ‘ధ్రువ విజయం’ అనే రెండు కథలను ఒకే ప్రదర్శనగా, పాత్రలన్నింటినీ పిల్లలకే ఇచ్చి నిర్మించారు. తెలుగులో బాలల చిత్రాలకు అదే నాంది. అందులో పరిచయమైన పదకొండేళ్ల బాలిక కృష్ణవేణి. పెద్దయ్యాక ఆమె నిర్మించిన ‘మనదేశం’ (1949) ద్వారానే రామారావు తెరపైకి వచ్చారు. దానికి సంగీతం ఘంటసాలదే. పుల్లయ్య చేయిపట్టి నడిపించిన బాలిక, ఆయన భావి రామునికి తొలి అవకాశం ఇచ్చిందన్నమాట.

నటులను గుర్తించడంలో పుల్లయ్య చూపు నిశితమైనది. 1939లో ‘వరవిక్రయం’తో భానుమతిని పరిచయం చేశారు. 1947లో ‘గొల్లభామ’తో అంజలీదేవిని వెలుగులోకి తెచ్చారు. ఆ అంజలీదేవే రెండవ ‘లవకుశ’లో సీత. ఒకనాడు ఆయన వద్ద సహాయకునిగా ఉన్న రేలంగి చాకలి పాత్ర ధరించారు.

నిర్మాత ఎ.శంకరరెడ్డి 1958లో ఈ చిత్రాన్ని ప్రారంభించారు. తెలుగులో పూర్తి నిడివి తొలి రంగుల చిత్రం కావడంతో వ్యయం అలవికి మించింది. అప్పటి రంగు ఫిలింకు ప్రచండమైన దీపకాంతి అవసరం. పైగా తమిళంలోనూ సమాంతరంగా తీస్తున్నారు. డబ్బు చాలక చిత్రీకరణ నిలిచిపోయింది. పెద్ద నటులకు ఆ విరామం పెద్ద లెక్క కాదు. లవకుశులుగా నటిస్తున్న నాగరాజు, సుబ్రహ్మణ్యం పిల్లలు. వారి ఎదుగుదల పెట్టుబడి కోసం ఆగేది కాదు. పని తిరిగి మొదలయ్యేనాటికి పుల్లయ్య ఆరోగ్యం సహకరించలేదు. మూడు దశాబ్దాలుగా తనతో ఉన్న కథను సగంలో వదలడం ఆయనకు ఎంత కష్టమై ఉంటుందో ఊహించవచ్చు. కుమారుడు సి.ఎస్‌.రావు బాధ్యత స్వీకరించి పూర్తిచేశారు. తండ్రీకొడుకుల కథను తండ్రీకొడుకులే పంచుకొన్నారు. దర్శకులుగా ఇరువురి పేర్లూ తెరపై కనిపిస్తాయి.

ఈసారి బాలురకు పాడే భారం లేదు. పి.లీల, పి.సుశీల గానానికి పెదవులు కలిపితే చాలు. అయినా ఆ గొంతులు ఆ పిల్లలవేనని నమ్మినవారు నేటికీ మన ఊళ్లలో ఉన్నారు. అది గాయనీమణుల గొప్పదనమా, పిల్లల అభినయమా అంటే చెప్పడం కష్టమే.

అనారోగ్యం తర్వాతా పుల్లయ్య పని మానలేదు. రామారావు కథానాయకునిగా 1966లో ‘పరమానందయ్య శిష్యుల కథ’ తీశారు. 1967 అక్టోబరు 6న కన్నుమూశారు. ఆయన పిల్లల చిత్రంతో తెరకెక్కిన కృష్ణవేణి నూరేళ్లు జీవించి 2025 ఫిబ్రవరి 16న తుదిశ్వాస విడిచారు.