గొంతులో గొట్టంతో 99 రోజులు ఏలిన చక్రవర్తి

జర్మనీ చరిత్రలో 1888ని ముగ్గురు చక్రవర్తుల సంవత్సరం అంటారు. మార్చి 9న 90 ఏళ్ళ మొదటి విల్హెల్మ్ కన్నుమూశారు. ఆయన కొడుకు మూడో ఫ్రెడరిక్ గద్దెనెక్కి 99 రోజులే ఉన్నారు. తరువాత వచ్చినది రెండో విల్హెల్మ్, మొదటి ప్రపంచ యుద్ధం నాటి కైజర్. మధ్యలోని ఫ్రెడరిక్ నోట మాట లేకుండానే రాజ్యం చేశారు.

1831లో పోట్స్‌డామ్‌లో పుట్టిన ఫ్రెడరిక్, అప్పట్లో మన దేశానికీ మహారాణి అయిన విక్టోరియాకు పెద్దల్లుడు. ఆస్ట్రియాతో, ఫ్రాన్సుతో జరిగిన యుద్ధాల్లో సేనల్ని నడిపినా యుద్ధమంటే మోజు లేదు. ఇంగ్లండు తరహా పాలన మీద ఆయనకు మక్కువ అని ఉదారవాదులు ఆశలు పెట్టుకున్నారు.

1887 జనవరిలో ఆయన గొంతు బొంగురుపోయింది. ఎడమ స్వరతంత్రి మీది చిన్న గడ్డను ప్రొఫెసర్ గెర్‌హార్ట్ వేడి తీగతో కాల్చినా మళ్ళీ పెరిగింది. మే నెలలో సర్జన్ బెర్గ్‌మన్ ఇది క్యాన్సరే, గొంతు కోసి తీసేద్దామన్నారు. లండన్ నుంచి పిలిపించిన మొరెల్ మెకెంజీ, ముందు ముక్క తీసి పరీక్ష చేయించాలన్నారు. పరీక్షించినది పాథాలజీకి పెద్ద దిక్కు అయిన విర్కో. ఆ ముక్కలో ఆయనకు క్యాన్సర్ కనబడలేదు. ఆపరేషన్ ఆగిపోయింది. నవంబరులో ఇటలీలోని శాన్ రెమోలో మెకెంజీ కూడా క్యాన్సరని ఒప్పుకోక తప్పలేదు. స్వరపేటిక తీయించుకోవడానికి ఫ్రెడరిక్ ఇష్టపడలేదు. ఊపిరాడని రోజు వస్తే శ్వాసనాళానికి రంధ్రం పెట్టడానికి మాత్రం సరేనన్నారు.

ఆ రోజు 1888 ఫిబ్రవరి 9న వచ్చింది. బెర్గ్‌మన్ అసిస్టెంటు బ్రామన్ శాన్ రెమోలోనే ట్రేకియాస్టమీ చేశారు. ఆపరేషన్ బాగానే జరిగింది. తిప్పలన్నీ తరువాతే.

ముక్కుతో పీల్చే గాలి తడిసి, వెచ్చబడి లోపలికి వెళుతుంది. మెడలోని రంధ్రం గుండా వెళ్ళేది పొడిగాలి. దానితో కఫం గట్టిపడి గొట్టానికి అడ్డుపడుతుంది. గొట్టం చివర శ్వాసనాళం వెనక గోడకు రాసుకుంటే పుండు పడుతుంది. ఫ్రెడరిక్‌కు దగ్గు, రక్తం పడటం మొదలయ్యాయి. జర్మన్ డాక్టర్ల గొట్టం సరిపోక అని మెకెంజీ, కాదు క్యాన్సర్ వల్లే అని వాళ్ళు. రెండూ నిజం కావచ్చు గానీ రోగి మంచం పక్కన తేల్చుకోవలసిన తగవు కాదది!

తండ్రి పోగానే బెర్లిన్ చేరిన కొత్త చక్రవర్తి అంత్యక్రియలకు వెళ్ళలేక, ఊరేగింపును షార్లటెన్‌బుర్గ్ కోట కిటికీలోంచి చూశారు. చెప్పదలచుకున్నదంతా కాగితం ముక్కల మీద రాసి ఇచ్చేవారు.

ఏప్రిల్ 12న ఊపిరాడలేదు. మెకెంజీ బెర్గ్‌మన్‌కు కబురు పెట్టారు. బెర్గ్‌మన్ పెట్టిన గొట్టం శ్వాసనాళంలోకి కాక దాని ముందరి కండలోకి దూరింది. విపరీతమైన దగ్గు, రక్తం. చివరికి బ్రామన్ వచ్చి సరిగ్గా అమర్చారు. తరువాత మెడలో చీముగడ్డ, జ్వరం. దోషం బెర్గ్‌మన్‌దేనన్నారు మెకెంజీ. నెలాఖరుకు బెర్గ్‌మన్ వైద్యం నుంచి తప్పుకున్నారు. గొట్టం దారి తప్పడం నేటికీ డాక్టర్లు భయపడే ప్రమాదమే. అందుకే ఈ రోగుల దగ్గర అదే సైజు గొట్టం ఒకటి, ఒక సైజు చిన్నది ఇంకొకటి సిద్ధంగా ఉంచుతారు. ఇంట్లో పెద్దవాళ్ళకు ఈ గొట్టం ఉన్నవారికి ఇది తెలిసిన సంగతే.

ఆ స్థితిలోనే జూన్ 8న ఛాందసుడైన హోం మంత్రి పుట్‌కామర్‌ను సాగనంపారు. ఆయన పాలనలో చెప్పుకోదగిన పని అదొక్కటే. అప్పటికే అన్నవాహికకూ శ్వాసనాళానికీ మధ్య చిల్లు పడి, మింగినది మెడ రంధ్రంలోంచి బయటికి వస్తోంది. జూన్ 15న, 56వ ఏట పోయారు. శవపరీక్షలో స్వరపేటికను క్యాన్సర్ తినేసినట్టు, ఊపిరితిత్తులు కుళ్ళినట్టు తేలింది.

డాక్టర్లు మాత్రం ఊరుకోలేదు. జర్మన్లు ఒక నివేదిక అచ్చు వేశారు. జవాబుగా మెకెంజీ అదే ఏడాది ఏకంగా పుస్తకమే రాశారు. అందుకు లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ 1889లో ఆయనను అభిశంసించింది.