చెవిలో నీళ్లు చెప్పిన రహస్యం

కూచిపూడి తరంగం చూసే ఉంటారు. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ వాళ్లకైతే అది ఇంటి దగ్గరి విద్య. తలపై నీళ్ల చెంబు, కాళ్ల కింద ఇత్తడి పళ్లెం. అయినా అడుగు తప్పదు, తాళం తప్పదు. ఆ నిలకడ వెనక ఏళ్ల సాధనతో పాటు లోపలి చెవి కూడా ఉంది. దాని గుట్టు విప్పిన డాక్టర్ రాబర్ట్ బరానీ.

1876లో వియన్నాలో పుట్టాడు. చిన్నప్పుడే ఎముకల క్షయ సోకి మోకాలు బిగుసుకుపోయింది. ఆ జబ్బే ఆయన్ని వైద్యం వైపు నడిపింది. 1900లో డాక్టరయ్యాడు. తర్వాత చెవి వైద్యంలోకి వచ్చాడు.

రోగుల చెవులు నీళ్లతో కడగడం అక్కడ మామూలు పని. నీళ్లు చల్లగా ఉంటే కళ్లు తిరుగుతున్నాయని ఓ రోగి చెప్పాడు. ఇంకొకరైతే నవ్వి ఊరుకునేవారేమో. బరానీ మాత్రం ఈసారి వేడి నీళ్లు పోసి చూశాడు. కనుగుడ్లు అంతకుముందుకు వ్యతిరేక దిశలో కదిలాయి! చెవిలోని అర్ధవృత్తాకార నాళాల్లో ద్రవం ఉంటుంది. నీటి వేడి మారితే ఆ ద్రవం కదులుతుంది. మనిషి కదలకపోయినా, తిరుగుతున్నాడని మెదడు పొరబడుతుంది. అదీ అసలు సంగతి.

ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. 1914 సంవత్సరపు వైద్య నోబెల్ ఆయనకే అని ప్రకటించేనాటికి ఆయన రష్యాలో యుద్ధఖైదీ! స్వీడన్ రాకుమారుడు కార్ల్ చొరవతో 1916లో విడుదలయ్యాడు. వియన్నాకు తిరిగొస్తే, ఇతరుల కృషిని తన రాతల్లో గుర్తించలేదని తోటి డాక్టర్లే వేలెత్తి చూపారు. మనసు విరిగి స్వీడన్‌లోని ఉప్సలాకు వెళ్లిపోయాడు. 1936లో చనిపోయేదాకా అక్కడే పనిచేశాడు.

ఇదంతా మీకెందుకంటారా? లోపలి చెవి దెబ్బతింటే ఇబ్బంది కళ్లు తిరగడంతోనే ఆగకపోవచ్చు. కళ్లు ఒకటి చెబుతాయి, చెవి ఇంకొకటి చెబుతుంది. పడిపోకుండా నిలబెట్టడానికే మెదడు శ్రద్ధంతా ఖర్చయిపోతుంది. అప్పుడు చదివింది బుర్రకెక్కదు. లెక్క మధ్యలో తెగిపోతుంది. తెలిసిన దారే తికమక పెడుతుంది.

పోటీ పరీక్షలకు చదువుతున్నప్పుడు ఇలా పదేపదే జరుగుతుంటే, నా బుర్ర ఇంతే అని సరిపెట్టుకోకండి. కారణాలు వేరే కూడా ఉండొచ్చు, ముందు డాక్టర్‌కి చూపించుకోండి. బరానీ నీళ్ల పరీక్ష ఈఎన్‌టీ వైద్యంలో ఇప్పటికీ ఉంది. ఎవరో రోగి చెప్పిన చిన్న మాటనే ఆయన కొట్టిపారేయలేదు. మీ ఒంటి మాటని మీరెందుకు కొట్టిపారేయాలి?