క్రిస్టఫర్ స్ట్రేచీ

క్రిస్టఫర్ స్ట్రేచీ (నవంబరు 16, 1916 - మే 18, 1975) బ్రిటన్‌కు చెందిన కంప్యూటరు శాస్త్రవేత్త. ప్రోగ్రాములో ఒక పేరు ఎంతవరకు చెల్లుతుంది, ఆ పేరు దేనిని సూచిస్తుంది అన్న ప్రశ్నలకు, అనగా చలరాశి పరిధికి, గణితశాస్త్ర రీత్యా అర్థము చెప్పినవారిలో ఈయన ముఖ్యుడు. పాత వెబ్ ప్రోగ్రాములను కొత్త పద్ధతిలోకి మార్చేవారికి ఎదురయ్యే ఒక చిక్కును ఈయన 1960వ దశకములోనే విడదీసి చూపాడు.

జీవిత విశేషాలు

స్ట్రేచీ లండను నగరములోని హ్యాంప్‌స్టెడ్‌లో జన్మించాడు. తాత సర్ రిచర్డ్ స్ట్రేచీ భారతదేశములో ఇంజనీరుగా పనిచేశాడు. తండ్రి ఆలివర్ ఈస్టిండియన్ రైల్వేలో కొంతకాలము పనిచేసి, తరువాత గూఢలిపి నిపుణుడయ్యాడు. తల్లి రే స్ట్రేచీ స్త్రీల ఓటు హక్కు కొరకు పోరాడిన రచయిత్రి.

కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలో చదివినా ఈయన పట్టా సామాన్యమైనదే. యుద్ధకాలములో ఒక టెలిఫోను పరికరాల సంస్థలో పనిచేసి, 1949లో హారో పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరాడు. ఉపాధ్యాయుడుగా ఉంటూనే 1951లో చెకర్స్ ఆట ఆడే ప్రోగ్రాము వ్రాశాడు. మాంచెస్టరులోని ఫెరాంటీ మార్క్ 1 యంత్రముపై ఆ ఆటను పూర్తిగా ఆడించాడు. అదే యంత్రముచేత 1952లో ప్రేమలేఖలు కూడా వ్రాయించాడు! ఆ ఏడాదే బడి వదలి కంప్యూటరు రంగములో ప్రవేశించాడు. 1962లో కేంబ్రిడ్జి చేరాడు. 1965లో ఆక్స్‌ఫర్డులో ప్రోగ్రామింగ్ పరిశోధనా బృందము ఈయన నాయకత్వములో ఏర్పడినది.

చలరాశుల పరిధి

ఒకే ఊరిలో ముగ్గురు వెంకటేశ్వర్లు ఉంటే ఇంటిపేరు చెప్పనిదే ఎవరో తెలియదు. ప్రోగ్రాములోనూ అంతే. కేంబ్రిడ్జి, లండను విశ్వవిద్యాలయాలు కలిసి రూపొందించిన సీపీఎల్ భాషలో స్ట్రేచీ ముఖ్యపాత్ర వహించాడు. ఒక ప్రమేయము తనలో ప్రకటించని, బయటి చలరాశిని వాడుకొంటే ఏమి జరగాలి? ఇందుకు ఆ భాషలో రెండు మార్గాలున్నాయి. ప్రమేయమును నిర్వచించిన క్షణములో ఆ చలరాశికి ఉన్న విలువను నకలు తీసి దాచుకొనుట ఒకటి. విలువను కాక, అది ఉన్న చోటునే పట్టుకొనుట రెండవది. రెండవ పద్ధతిలో బయట జరిగిన మార్పు లోపల, లోపల జరిగిన మార్పు బయట కనిపిస్తాయి. ఈ భేదమును స్ట్రేచీ 1967లో కోపెన్‌హాగెన్ ఉపన్యాసాలలో వివరించాడు. అవి చేతినుండి చేతికి నకళ్ళుగా తిరిగి, 2000లో గాని అచ్చు కాలేదు.

సీపీఎల్ పూర్తిస్థాయిలో ఎన్నడూ అమలు కాలేదు. దానిని కుదించి మార్టిన్ రిచర్డ్స్ బీసీపీఎల్ చేశాడు. లోపలి ప్రమేయములు బయటి ప్రమేయపు తాత్కాలిక చలరాశులను వాడుకొను వీలు అందులో తొలగించి, సార్వత్రిక చలరాశులను ఉంచారు. బీసీపీఎల్ నుండి బీ, దాని నుండి 1972 ప్రాంతములో సీ భాష వచ్చాయి.

వెబ్ ప్రోగ్రాములలో

సీ భాష ప్రభావము బలముగా ఉన్న పీహెచ్‌పీలో ప్రమేయము బయటి చలరాశిని తనంతట తాను చూడలేదు. గ్లోబల్ అని ప్రకటించవలెను. 2009లో వచ్చిన 5.3 వెర్షనులో పేరులేని ప్రమేయములు చేరాయి. వాటిలో యూజ్ అనే పదముతో బయటి చలరాశిని తెచ్చుకోవచ్చు. అలా తెచ్చినది నకలు మాత్రమే. చోటునే పట్టుకోవలెనంటే పేరు ముందు ఆంపర్‌శాండ్ గుర్తు ఉంచవలెను. స్ట్రేచీ చెప్పిన రెండు మార్గాలూ ఇవే.

ఉదాహరణకు హైదరాబాదులోని గుడిమల్కాపూర్ పూల మార్కెట్టులో ఒక దుకాణానికి గంపల ధరలు కూడే పాత పుట ఉన్నదనుకొందాము. మొత్తము అనే సార్వత్రిక చలరాశిని తొలగించి, కూడికను పేరులేని ప్రమేయములోకి మార్చి, ఆ గుర్తు మరచిపోతే ప్రోగ్రాము ఏ దోషమూ చూపదు. బిల్లులో మాత్రము మొత్తము సున్నా అని వస్తుంది. తెలుగు వికీపీడియాను నడిపే మీడియావికీ కూడా పీహెచ్‌పీలో వ్రాసినదే. అందులో వాడుకరిని సూచించే సార్వత్రిక చలరాశిని వాడరాదని 2020లో నిర్ణయించారు.

చివరి సంవత్సరాలు

1969లో డానా స్కాట్‌తో కలిసి స్ట్రేచీ ప్రోగ్రాము భాషల అర్థమునకు గణిత పునాది వేశాడు. అందులో పేర్లను చోట్లకు కలిపే పట్టిక వేరు, చోట్లలోని విలువల పట్టిక వేరు. 1971లో ఆచార్య పదవి లభించినది. కాలేయ వ్యాధితో 1975లో మరణించాడు. రాబర్ట్ మిల్న్‌తో కలిసి చేసిన కృషి మరుసటి ఏడాది పుస్తకముగా వెలువడినది.